పిన్ని చదివిన సినిమా

మా చిన్నప్పుడు... పిల్లని చూడ్డానికి అబ్బాయి తరఫువాళ్ళు ఇంటికి కాదు, సినిమా హాలుకొచ్చేవారు! మీరు యాంగోన్ అంటారు, మాకు రంగూనే... అక్కడి మా తెలుగోళ్ళ పద్ధతది. రెండు కుటుంబాలూ ఏమీ ఎరగనట్టు ఒకే వరసలో కూర్చునేవి. నచ్చితే మాట కదిలేది. నచ్చకపోతే ఏముంది... సినిమాకెళ్ళాం, వచ్చాం. ఎవరి పరువూ పోదు.

మా సత్తి పిన్నికీ అలాగే కుదిర్చారు. పిన్ని బస్సు కండక్టరు. అహ్లోన్ నుంచి తాకేటా దాకా తలుపు పట్టుకుని వేలాడుతూ కేకలేసేది. ఆ పనంటే ప్రాణం దానికి. అబ్బాయివాళ్ళది మింగళాడోన్ పేట. మంచి సంబంధమే... కానీ "పెళ్ళయ్యాక బస్సు మానీయాల" అని అబ్బాయి తల్లి ముందే కబురంపింది. పిన్ని రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ ఆదివారం మేం వెళ్ళేసరికి ఆడుతున్నది బర్మా సినిమా కాదు, ఏదో రష్యా సినిమా అన్నారు. జార్జియా అనే దేశానిదని నాకు మొన్నమొన్ననే తెలిసింది. కొండలు, ద్రాక్షతోటలు... ద్రాక్ష బుట్టలు లారీలో వేసుకుని తోలే ఒక పిల్ల. దాని వెంటపడి బుట్టల్లో బోర్లాపడే ఒక అబ్బాయి. హాలంతా నవ్వులే నవ్వులు. మాటలు మాత్రం కింద బర్మా అక్షరాల్లో పడుతున్నాయి.

మా అమ్మమ్మకీ, అబ్బాయి తల్లికీ ఆ అక్షరాలు రావు.

"ఏటమ్మా రాసుందక్కడ? సదివి సెప్పు" అంది అబ్బాయి తల్లి పిన్నితో. పిన్ని బుద్ధిగా చదివి చెప్పడం మొదలెట్టింది.

ఇంతలో తెరమీద, ఆ సినిమాలోని అబ్బాయికి తల్లి, నల్ల శాలువా కప్పుకుని, ఆ పిల్ల ముందుకొచ్చి చెయ్యి చాపింది. నేను అప్పటికే బర్మా బడిలో నాలుగో క్లాసు... గబగబా చదివేశాను. 'పెళ్ళయ్యాక లారీ ఎక్కడానికి వీల్లేదు, తాళం ఇలా ఇచ్చెయ్' అని ఉంది.

పిన్ని మాత్రం గొంతు కూడా తడబడకుండా, "'తాళం నీ కాడే ఉంచుకో కోడలా, నీ పని నువ్వు మానకు' అంతంది" అంది!

ఓలమ్మో! నేను నోరు తెరవబోయాను. పిన్ని తొడపాశం పెట్టింది చూడండీ... కళ్ళనీళ్ళొచ్చాయి.

అబ్బాయి తల్లికి అనుమానమొచ్చింది. తెరమీద ఆ శాలువా ఆవిడ మొహం అంత మంచిమాట చెప్తున్నట్టు లేదు మరి. కొడుకు వైపు తిరిగి, "ఒరే, అదేనేటి రాసుంది?" అంది.

పిన్ని చెయ్యి ఇంకా నా తొడమీదే ఉంది. అబ్బాయి బర్మా బడిలో పది చదివినవాడు. తెరకేసి చూశాడు. పిన్నికేసి చూశాడు.

"అవునమ్మా... అదే రాసుంది" అన్నాడు.

అంతే. ఆయనే మా బాబాయి అయ్యాడు. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా పిన్ని బస్సు దిగలేదు. అత్తగారు మొదట్లో సణిగింది గానీ, తర్వాత్తర్వాత ఆవిడే క్యారేజీ కట్టి ఇచ్చేది.

బాబాయి పోయి రెండేళ్ళయింది. మొన్న ఆ సినిమా ఫోన్లో దొరికితే పిన్నికి చూపించాను. ఆ సీను రాగానే పగలబడి నవ్వింది... నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఆరోజు ఆయనకి నానెవుల్నే? పేరు తప్ప ఏటీ తెలీదు... అయినా నా ఏపు నిలబడ్డాడు" అంది.

ఇప్పుడు మా ఊరి బస్సుల్లో కండక్టర్లే లేరు. ఏ దేశం సినిమాకైనా ఫోనే అర్థం చెప్పేస్తోంది, ఒక్క ముక్క పొల్లుపోకుండా. బాబాయిలా మనకోసం తప్పు చెప్పేవాళ్ళు మాత్రం పక్కన కూర్చుని ఉండాల్సిందే...

మీవైపు అలా ఎవరు నిలబడ్డారు? చెప్పండి, వింటాను...