అమ్మ ఏరిన తాలు

అమ్మకు మతిమరుపు ఎక్కువవుతోందని హైదరాబాదులో తీయించిన స్కానింగు కంప్యూటర్ తెరమీద రంగురంగులుగా కనిపించింది. అమ్మ మెదడులో నెత్తురు ఎక్కడెక్కడికి ఎంత అందుతోందో చూపించే స్కానింగు అది. "ఎర్రగా ఉన్నచోట రక్తం బాగా అందుతోందమ్మా, నీలంగా ఉన్నచోట తక్కువ," అన్నాడు డాక్టర్. వెనకవైపు చాలామేర నీలమే ఉంది. మాది మిరప పండించే ఇల్లు. ఎర్రగా ఉంటే మంచికాయ, రంగు తిరిగితే తాలు. చిన్నప్పటి నుంచి అదే చూసిన కళ్లు నావి. అమ్మ తల సగం తాలైపోయిందని అక్కడే తేల్చేసుకున్నాను.

డాక్టర్ ఇంకో మాట కూడా అన్నాడు. "ఆమె ఏమేం చేసుకోగలదో ఈ బొమ్మ చెప్పదు. అది మీరు ఇంట్లో చూసి నాకు చెప్పాలి." నాకు మొదటి నుంచీ తొందరెక్కువ. ఆ మాట చెవికెక్కలేదు.

తిరుమలాయపాలెం దగ్గర మా ఊరికి రాగానే అమ్మను పొయ్యి దగ్గరికి రావద్దన్నాను. అప్పటికే రెండుసార్లు గ్యాసు కట్టేయడం మరిచిపోయింది, అది నిజమే. కానీ నేను అక్కడితో ఆగలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుని కత్తిపీట దాచాను. తల నేనే దువ్వాను, చీర నేనే కట్టాను. అన్నం కలిపి ముద్దలు పెట్టాను. ఊళ్లోవాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే లోపల గర్వంగా కూడా ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి అమ్మ కంచం ముందు పెట్టినా చెయ్యి కదపడం మానేసింది. జబ్బు ముదిరిందనుకున్నాను.

మిరప కోతలొచ్చాయి. ఇంట్లో ఒంటరిగా వదల్లేక అమ్మను కల్లానికి తీసుకెళ్లి, వేపచెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఏటా భద్రాచలం అవతలి అడవి ఊళ్ల నుంచి మాకు కూలీలు వస్తారు. ఈసారి కొత్తగా వచ్చిన ఒకామెకు అమ్మ సంగతి తెలియదు. ఖాళీగా కూర్చుందని ఎండుకాయలు ఒక గంపెడు తెచ్చి అమ్మ ముందు కుమ్మరించింది. నేను కేకేసేలోపే అమ్మ కుర్చీ దిగి కింద కూర్చుంది.

కాయ తీయడం, ఒకసారి తిప్పి చూడడం, తాలైతే ఎడమకు, మంచిదైతే కుడికి. చెయ్యి ఎక్కడా తడబడలేదు. నాకు సంతోషం కన్నా ముందు సిగ్గేసింది. వెళ్లి పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను.

కాసేపటికి అమ్మ నా కుప్పలో చెయ్యి పెట్టి మూడు కాయలు బయటికి తీసింది.

"ఇవి తాలు గాదా? కనపడుతలేదా?"

"చూసుకోలేదమ్మా."

నా ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఎవరి పిల్లవు? కొత్తగొచ్చినవా?"

"అవ్," అన్నాను.

"ఏం గాదు, అలవాటైతది. తొడిమ కాడ జూడు. తెల్లబడ్డదంటే అవతల పారెయ్."

నేను మళ్లీ చూపించమన్నాను. చూపించింది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఇదే కల్లంలో ఇలాగే చూపించింది, నేను ఇలాగే తప్పులు ఏరాను.

మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పారు. అమ్మ ముందు కంచం పెట్టి, అలవాటు కొద్దీ అన్నం కలపబోయి ఆగిపోయాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ చాలాసేపు కంచం వైపు చూసింది. తర్వాత పప్పు కలుపుకుంది. కొంత కింద పడింది, కొంత చీర మీద పడింది. నేను తుడవలేదు.

రెండో ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. కంచం నా వైపు జరిపింది.

"నువ్వు గూడ తిను పిల్లా. పొద్దుటి సంది వంచిన తల ఎత్తలేదు."