అమ్మ అడిగిన టాఫీ బిస్కెట్లు

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మాకు కిరాణా కొట్టు ఉండేది. మా ఇంట్లో పిల్లలకు మాటలతో పాటే బేరమూ వచ్చేసేది. మా నాన్నగారికి అది ఎంత అలవాటంటే, అమ్మను ఏలూరు ఆస్పత్రిలో చేర్చాక డాక్టరుగారిని కూడా, "ఏడాది కాకపోతే ఆరు నెలలైనా చూడండి సార్" అని అడిగారట. ఆయన తల అడ్డంగా ఊపితే, "పోనీ, దసరా దాకా" అన్నారట. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, అమ్మకు ముద్ద దిగడం లేదని, పక్కింటి అక్క చేసే టాఫీ బిస్కెట్లు తినాలనుందని కబురు పంపిందని.

అక్క కాలేజీలో చదువుకునేది. కబురు విన్న వెంటనే వెన్న తీసి, మా కొట్టు నుంచి టాఫీలు తెమ్మంది. నేను సీసా అడుగున విరిగిపోయినవీ, కాగితం ఊడినవీ ఏరి పట్టుకెళ్ళాను. ఎలాగూ పగలగొట్టేవే కదా, అమ్ముడుపోయే సరుకు పాడుచేయడం ఎందుకని నా తెలివి.

"ఏమే, మీ అమ్మ దగ్గర కూడానా బేరం?" అని నవ్వి, వాటిని తిరిగి నా చేతిలోనే పోసింది. "ఇవి నువ్వు తిను. మంచివి పట్రా."

మంచి టాఫీలను గుడ్డలో మూటకట్టి పచ్చడిబండతో చితక్కొట్టింది. వెన్నా పంచదారా నురగొచ్చేదాకా చేత్తో గిలకొట్టి మైదా కలిపింది. టాఫీ ముక్కలు పైన అద్దితే కరిగి పళ్ళేనికి అతుక్కుపోతాయట. అందుకని ఒక్కో ఉండ మధ్యలో పెట్టి మూసి, మెల్లగా అదిమింది. కుంపటి మీద ఇసుక పోసిన గిన్నె, అందులో పళ్ళెం, పైన మూత, మూత మీద నిప్పులు. మా వీధికంతటికీ ఓవెన్ అదే.

నేను ఆ గిన్నె పక్కనే కూర్చుని దేవుడితో లోపల్లోపల ఒప్పందం కుదుర్చుకుంటున్నాను. ఒక్కటీ మాడకపోతే అమ్మ వచ్చేయాలి. అవతలివాడు ఒప్పుకున్నాడో లేదో తెలియని బేరం అదొక్కటే చేశాను జీవితంలో. గట్టి చేసుకుందామని అక్కనడిగాను.

"ఇవి తింటే అమ్మ ఇంటికొచ్చేస్తుంది కదక్కా?"

అమ్మకు తగ్గిపోతుందనే అందరూ నాకు చెబుతున్న రోజులవి. అక్క మూత మీద నిప్పులు సర్దింది. తర్వాత "రాదే" అంది.

"మరి ఇంత కష్టపడి ఎందుకు?"

"తినాలనుందని అడిగింది కదే. పక్కకు జరుగు, నిప్పులు పడతాయి."

నాకు ఏడుపు రాలేదు. ఏమీ తిరిగి రాదని తెలిసి కూడా మంచి సరుకు వేసేవాళ్ళుంటారా అని ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయాను.

ప్యాసింజరు రైల్లో ఏలూరు వెళ్ళాం. బిస్కెట్ల డబ్బా వేడి నా ఒళ్ళో తగులుతూనే ఉంది. ఆస్పత్రిలో అక్క ఒక బిస్కెట్టు విరిచి, మధ్యలోని టాఫీ ముక్క తీసి అమ్మ నాలుక మీద పెట్టింది. అమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. మింగలేక పెదవి చివర కారితే అక్క తన కొంగుతో తుడిచింది.

"వెన్న బాగా పడిందమ్మాయ్" అంది అమ్మ. మిగతావి నన్ను తినమంది. తిన్నాను. అవి చాలా బాగున్నాయి. అమ్మ మాత్రం ఇంటికి రాలేదు.

ఇప్పటికీ నన్ను చూస్తే కూరగాయల బండి అబ్బాయి ముందే తల పట్టుకుంటాడు. ఆ బుద్ధి పోయేది కాదు. కానీ మంచం పట్టినవాళ్ళను చూడ్డానికి వెళ్ళినప్పుడు "తగ్గిపోతుందిలెండి" అనే మాట నా నోట రాదు. ఏం తినాలనుందండీ అని అడుగుతాను. చాలామంది ఏమీ వద్దంటారు. నేను పెట్టింది తిని లేచి తిరిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. అయినా ఎవరైనా ఫలానాది కావాలంటే, ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తాను.