తప్పు వాచ్‌మన్‌దే

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. లిఫ్టాయన అంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. లిఫ్టులు బాగుచేయడం తప్ప అతనికి వేరే లోకం లేదు. పెళ్ళయిన కొత్తలో భార్యని సినిమాకి తీసుకెళ్ళి, అక్కడి లిఫ్టు ఏదో మూలుగుతోందని చెప్పి సగం సినిమా మెషిన్ రూములో గడిపిన ఘనుడు. ఆమె ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి అతని పరువు తీస్తుండేది. అతనేమో వినబడనట్టు నవ్వుకునేవాడు.

అతనికో అలవాటుండేది. బాగుచేసిన లిఫ్టులో ముందు తనే ఎక్కేవాడు. ప్రతి అంతస్తులోనూ ఆగి, బయటికి అడుగుపెట్టి, మళ్ళీ లోపలికొచ్చి, తలుపులు తోసి చూసుకున్నాకే జనాన్ని ఎక్కనిచ్చేవాడు. కంపెనీ రూల్సులో ఎక్కడా అలాంటిది లేదు. "ఊరేగింపు మొదలైందిరా" అని తోటి మెకానిక్కులు ఆటపట్టించేవారు. వాళ్ళు ఇంటికెళ్ళిపోయినా అతని ఊరేగింపు మాత్రం ఆగేది కాదు.

కొన్ని నెలల క్రితం, అతను బాగుచేసి వచ్చిన మర్నాడు పొద్దున, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లిఫ్టు మాత్రం అక్కడికి రాలేదు. తలుపు తెరుచుకుంది కదా అని అడుగేసిన ట్యూషన్ టీచరమ్మ ప్రాణం పోయింది. విచారణ జరిగింది. తలుపు తాళంలోని స్ప్రింగు తయారీలోనే లోపముందని, అది బయటికి కనిపించేది కాదని, మెకానిక్ తప్పేమీ లేదని పెద్ద ఇంజనీర్లు తేల్చారు. భార్య ఆ రోజు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది. అతను మాత్రం పనికి పోవడం మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాడు.

కంపెనీవాళ్ళు చాలా ఓపికపట్టారు. చివరికి, ఈ సోమవారం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని సూపర్వైజరు చెప్పాడు. భార్య కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది, కాబట్టి పూట గడవదన్న భయం లేదు. లిఫ్టుల్లేకపోతే ఈ మనిషే మిగలడన్నది ఆమె భయం. అందుకే ఆదివారం మధ్యాహ్నం తన తమ్ముణ్ణి, మరదల్ని రమ్మంది. తమ్ముడికి హత్యకేసు ఆటల పిచ్చి. పెట్టెలో కార్డులుంటాయి, తలా ఒక పాత్ర వస్తుంది, ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలడిగి హంతకుడెవరో పట్టుకోవాలి. బావ ఒక్కసారి నవ్వితే చాలు, రేపు పనికి పంపించే పూచీ తనదని ఆమె తమ్ముడికి ఫోన్లో చెప్పుకుంది.

అతను బుద్ధిగా వచ్చి కూర్చున్నాడు. అదే గొప్ప. ఆటలో చచ్చిపోయినవాడు బంగళా యజమాని. లిఫ్టాయనకి డాక్టరు కార్డు వచ్చింది, ఆమెకి యజమాని భార్య, తమ్ముడికి మేనల్లుడు, మరదలికి వాచ్‌మన్. ఆస్తి కోసం కాచుక్కూర్చున్న మేనల్లుడిగా తమ్ముడు అబద్ధాలాడుతుంటే, ఆ మొహం చూస్తేనే తెలిసిపోతోంది వాడే హంతకుడని. "మీరు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చెయ్యి వణికిందట కదా డాక్టరుగారూ," అని వాడు బావని నిలదీశాడు. "మీలాంటి మేనల్లుడుంటే ఎవరికైనా వణుకుతుంది," అన్నాడు లిఫ్టాయన. మరదలు పకపకా నవ్వింది. అతని పెదాలు కూడా కాస్త కదిలాయి. భార్యకి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మరదలు గొంతు బొంగురు చేసుకుని వాచ్‌మన్ కార్డు చదివింది. "నేను గేటుకి గడియ వేస్తుంటే అమ్మగారు పిలిచారండీ. వేయకుండానే పరిగెత్తానండీ."

"తప్పు వాచ్‌మన్‌దే," అన్నాడు లిఫ్టాయన.

"వాడు చంపలేదు బావా, గడియ మర్చిపోయాడంతే," అన్నాడు తమ్ముడు.

"గడియ వేసుంటే మనిషి బతికేవాడు. ఇంకెవర్నీ వెతకక్కర్లేదు."

"ఇదేం న్యాయం అన్నయ్యా?" అంది మరదలు, ఇంకా వాచ్‌మన్ గొంతుతోనే. "అలాగైతే పిలిచిన అమ్మగారిది కూడా తప్పే కదా," అని వదిన వైపు వేలు చూపించింది.

"ఆవిణ్ణి ఇందులోకి లాగొద్దు," అన్నాడతను. గొంతు పెంచలేదు గానీ మరదలు వేలు దించేసింది. "ఆవిడకేం తెలుసు? పిలిచింది, అంతే." వాచ్‌మన్ కార్డు మరదలి చేతిలోంచి తీసుకుని బోర్లించి, లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

తమ్ముడు నొచ్చుకుని కార్డులు సర్దడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం తన ముందున్న కార్డునే చూస్తూ ఉండిపోయింది. అతను ఆ లిఫ్టు బాగుచేసిన సాయంత్రం తను చేసిన ఫోను ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది. మబ్బు పట్టింది, వాన వచ్చేలా ఉంది, త్వరగా వచ్చి షాపు దగ్గర నన్ను ఎక్కించుకోండి అంది. అతను ఎప్పుడూ లేనిది చెప్పిన వెంటనే వచ్చేశాడు. ఆ రోజు చినుకు కూడా పడలేదు. దారంతా ఇద్దరూ దానిమీదే నవ్వుకున్నారు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అతను గ్లాసులో నీళ్ళు పట్టుకుంటున్నాడు.

"ఆ రోజు నేను ఫోన్ చేసేసరికి... మీరు లిఫ్టు ఎక్కి చూశారా?"

అతను కుళాయి కట్టేశాడు. "వాన వస్తుందన్నావు కదా."

"ఎక్కినా తెలిసేది కాదన్నారు కదండీ ఇంజనీర్లు."

"ఎక్కుంటే ఆ మాట నేనూ అనేవాణ్ణి."

"నాకైనా చెప్పొచ్చు కదా ఇన్నాళ్ళూ."

"చెబితే నీకూ నిద్రుండదు," అన్నాడు. "ఒకళ్ళు చాలరూ?"

తమ్ముడూ మరదలూ ఎప్పుడెళ్ళారో ఆమెకి సరిగా తెలియదు. రేపు ఎలాగైనా వెళ్ళండి, నా మాట వినండి అని చెప్పాలని వారం రోజులుగా కూడగట్టుకున్న మాటలు అన్నీ నోట్లోనే ఉన్నాయి. నా మాట వినండి అని ఇక ఏ మొహం పెట్టుకుని అంటుంది? ఆ రోజు విన్నాడు కాబట్టే కదా ఇదంతా.

సోమవారం పొద్దున సూపర్వైజరు ఫోన్ చేశాడు. "ఆయన బయల్దేరారా అమ్మా?" అని అడిగాడు. అతను మంచం మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. వెళ్ళమంటే వెళ్ళేలాగే ఉన్నాడు. చెప్పులేసుకుని, సంచి తీసుకుని, ఎక్కడో ఒక లిఫ్టు ముందు నిలబడిపోతాడు.

"ఆయన రారండి," అంది ఆమె. "ఇంకెవరినైనా చూసుకోండి."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె షాపుకి ఫోన్ చేసి తనూ రావడం లేదని చెప్పి, వెళ్ళి అతని పక్కనే అటువైపే తిరిగి పడుకుంది.