సర్పి దానంతట అదే తగ్గుతుందని నిరూపించబోయి

ఆ ఆదివారం పొద్దున్న తలకి నూనె రాసుకుంటుంటే కుడివైపు నెత్తి చుర్రుమంది. వేలు తగిలితే చాలు, పచ్చిపుండు మీద తగిలినట్టుంది. ముందురోజు ఎండలో ఊళ్ళు తిరిగాను కదా, వేడి చేసిందనుకున్నాను. మర్నాటికి ఆ మంట కనుబొమ దాకా దిగింది. మంగళవారం అద్దంలో చూసుకుంటే నుదుటికి కుడివైపు మాత్రమే, మధ్యలో గీత గీసి ఆపినట్టు, నీటిపొక్కులు గుంపుగా లేచి ఉన్నాయి.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టారిని. మాది కొత్తవలస. సెలవు రోజుల్లో ఇద్దరు మిత్రులతో కలిసి చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి, బాబాల మహిమలు ఎలా చేస్తారో చేసి చూపిస్తుంటాను. అరచేతిలో కర్పూరం వెలిగిస్తాను, నిమ్మకాయలోంచి నెత్తురు తెప్పిస్తాను, తర్వాత గుట్టు విప్పుతాను. దేన్నీ ఊరికే నమ్మకండి, అనుమానించండి, అడగండి అని గొంతు పోయేలా చెప్తాను. ఏళ్ళ తరబడి నాకదే పిచ్చి. నా భార్య పద్మ నా మేనత్త కూతురే. "దేవుడు లేడు లేడని నీకున్నంత భక్తి, పైడితల్లమ్మ మీద మా అమ్మకి కూడా లేదు బావా" అని వెక్కిరించేది. నేను నవ్వేవాణ్ణి. అది పొగడ్తేనని లోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

నా నుదురు చూడగానే మా అత్త గుర్తుపట్టింది.

"ఒరే నాయినా, ఇది సర్పి రా. సత్యం ఇంటికెల్లి రాయించుకో."

మా వైపు సర్పి అంటే ఒంటి మీద పాము పాకిన రోగమని నమ్మకం. దాని తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారు. అందుకని ఎర్రజాజు నీళ్ళలో అరగదీసి పొక్కుల చుట్టూ సింహం బొమ్మ రాస్తారు. సింహాన్ని చూసి పాము ఆగిపోతుందట. అలా రాసే సత్యం మా పక్క ఊరివాడు. నా ప్రతి సభలోనూ పేరెత్తకుండా అతన్ని ఉతికి ఆరేసేవాణ్ణి. "సర్పి వైరస్ వల్ల వస్తుంది. రాయించుకున్నా మానినా కొన్నాళ్ళకి దానంతట అదే తగ్గుతుంది. రాసినవాడు ఆ పేరు కొట్టేస్తాడు" అని చెప్పేవాణ్ణి. చాలామందికి అది అలాగే తగ్గుతుంది కూడా. ఆ ధీమాయే నా కొంప ముంచింది.

రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, పొక్కులు చూసుకున్నప్పుడు నాకు సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ నోటితో చెప్పింది ఇప్పుడు నుదుటి మీద చూపించవచ్చు. ఫోన్‌తో వీడియో తీసి, నాకు తెలిసిన ఊళ్ళ వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టాను. "నాకు సర్పి వచ్చింది. నేను రాయించుకోను. మాత్ర కూడా వేసుకోను. రోజూ ఫొటో పెడతాను, ఎలా తగ్గుతుందో మీరే చూడండి" అన్నాను. మాత్ర ఎందుకు వద్దన్నానంటే, వేసుకుంటే మాత్రతో తగ్గిందంటారు. అప్పుడు నా మాటకి బలం ఉండదు.

పద్మకి భయం పట్టుకుంది. "సత్యం కాడికి ఎల్లకపోతే మానీ. డాక్టరు కాడికైనా ఎల్లు బావా. కంటి పక్కనే ఉన్నాది."

"ఇది ప్రయోగం పద్మా. మధ్యలో ఆపకూడదు."

"పెయోగాలు ఎలకల మీద సేస్తారు. సొంత కంటి మీద సేస్తారేటి?"

నేను ఆ పూట ఫొటో తీసుకున్నాను. మరుసటి రోజు ముక్కు కొస మీద ఒక పొక్కు లేచింది. దాన్ని కూడా ఫొటో తీసి పెట్టాను. మా పాత విద్యార్థులు చప్పట్ల బొమ్మలు పంపించారు. ఆ తర్వాత రెప్ప వాచింది. వెలుతురు చూడలేక కిటికీలు వేసుకుని కూర్చున్నాను. నెత్తి మీద కరెంటు తీగ పెట్టినట్టు పోట్లు. అయినా గ్రూపులో "ఇవాళ కొంచెం నయం" అని రాశాను. నయం లేదు. నా రోగం గురించి నేనే అబద్ధం చెప్పాను.

శనివారం పొద్దున్న ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూస్తే ఎదురుగా ఉన్న పద్మ ముఖం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టుంది. ఆ మాట చెప్పగానే ఆమె చెప్పులేసుకుని ఆటో పిలుచుకొచ్చింది. విజయనగరంలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరమ్మ నా గడ్డం కన్ను పరీక్షించే స్లిట్‌లాంప్ మీద ఆనించి, కంట్లో పసుపు రంగు డై వేసి, నీలం వెలుతురులో చాలాసేపు చూసింది.

"ముక్కు మీద ఈ పొక్కు ఎప్పుడొచ్చింది?"

"బుధవారం అండీ."

"ఆ రోజే రావాలి కదండీ. ముక్కు కొసకి వచ్చిందంటే కంట్లోకి వెళ్ళే నరం దాకా పాకిందని గుర్తు. దీన్ని హెర్పిస్ జోస్టర్ ఆఫ్తాల్మికస్ అంటాం. మొదటి మూడు రోజుల్లో యాంటీవైరల్ మాత్రలు మొదలెడితే బాగా పట్టుబడుతుంది. ఇప్పుడూ ఇస్తాను. కానీ కార్నియా, అదే నల్లగుడ్డు మీది పొర, ఇప్పటికే దెబ్బతింది. ఇన్నాళ్ళూ ఏం వాడారు? రాయించుకున్నారా?"

పద్మే చెప్పింది. "నేదు మేడమ్. ఏటీ వాడనేదు. ఏటీ వాడకపోయినా తగ్గిపోతాదని ఊరందరికీ సూపించాలని ఉండిపోయినారు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. "ఏం చేస్తుంటారు?"

"సైన్సు మాస్టారినండీ."

ఆవిడ మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. రాయించుకుని వచ్చేవాళ్ళని ఆవిడ రోజూ చూస్తూనే ఉంటుంది. వాళ్ళు తెలియక అలా చేశారు. నేను తెలిసి చేశాను.

రక్తపరీక్షలో షుగర్ కూడా బయటపడింది. ఎప్పుడైనా టెస్టు చేయించుకున్నారా అని అడిగితే లేదన్నాను. ఊరందరినీ అనుమానించినవాణ్ణి నా ఒంటిని ఒక్కసారీ అనుమానించలేదు.

మాత్రలు, చుక్కలు, ఆయింట్‌మెంటు మొదలయ్యాయి. పొక్కులు పక్కు కట్టి రాలిపోయాయి గానీ నొప్పి పోలేదు. ఫ్యాను గాలి నెత్తికి తగిలినా కేక పెట్టేవాణ్ణి. ఆ నరం నొప్పిని న్యూరాల్జియా అంటారని, నెలలు పట్టొచ్చని చెప్పి వేరే మాత్రలిచ్చారు. కంట్లో వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు వేశారు. వాటితో చూపు కొంచెం తేరుకుంది.

అక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు కదా. స్టెరాయిడ్ చుక్కలతో కంట్లో ప్రెషర్ పెరుగుతుందని ఫోన్‌లో చదివాను. చదివింది అబద్ధమేమీ కాదు. వెంటనే ఈ డాక్టర్లంతా ఇంతే అని వేడెక్కి, ఎవరికీ చెప్పకుండా చుక్కలు మానేశాను. వారం తిరక్కుండా కన్ను ఎర్రబడి, వెలుతురు సూదుల్లా గుచ్చుకోవడం మొదలైంది. మళ్ళీ అదే కుర్చీ, అదే స్లిట్‌లాంప్.

"ప్రెషర్ పెరుగుతుందనే కదా వచ్చిన ప్రతిసారీ కొలుస్తున్నాను?" అంది డాక్టరమ్మ. "అనుమానం వస్తే ఫోన్ చేసి అడగాలి మాస్టారూ. చెప్పకుండా మానేస్తే అది అనుమానం కాదు, తీర్పు."

ఆ తిరగబెట్టడంతో కార్నియా మీద మచ్చ పడింది. అది ఇక పోదన్నారు.

మా అమ్మాయి సుధ ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది. సెలవు పెట్టి వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకున్న నా పక్కన కూర్చుని నా వీడియో చూసింది. రెండోసారి చూసింది.

"నాన్నా, ఒకటి అడుగుతాను, కోప్పడవు కదా? దీన్ని ప్రయోగం అన్నావు. ఏది జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుందామనుకున్నావు?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. అలాంటిదేదీ నా బుర్రలో లేదు. తగ్గుతుంది, నేను నెగ్గుతాను, సత్యం తలొంచుకుంటాడు. నేను అనుకున్నదంతా అదే.

"ఏదీ అనుకోలేదమ్మా" అన్నాను.

నా కుడి కంట్లోంచి మందుచుక్కలతో పాటు నీళ్ళు కారాయి. నా కూతురి ముందు అంత చిన్నబోయింది ఎప్పుడూ లేదు. అనుమానించే గుణం, ఆవేశం ఒకే మనిషిలో ఇముడుతాయా అని మా మిత్రులం టీ కొట్టు దగ్గర గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. ఇముడుతాయి, నేనే సాక్ష్యం అనేవాణ్ణి. ఇప్పుడు చూసుకుంటే నాలో ఉన్నది ఆవేశమొక్కటే. అనుమానమల్లా నాకు గిట్టనివాళ్ళ మీద విసిరే రాయి. అదే సుధతో చెప్పాను.

"ఆవేశం మానక్కర్లేదు నాన్నా" అంది. "అది లేకపోతే ఎండలో ఊళ్ళు ఎవరు తిరుగుతారు? అనుమానం నీ దాకా కూడా రానీ, అంతే."

మళ్ళీ బడికి వెళ్తున్నాను. కుడి కంటితో చిన్న అక్షరాలు చదవలేను. మబ్బు పట్టిన రోజున నొప్పి కాస్త ఎక్కువనిపిస్తుంది, అది నిజమో నా భ్రమో ఇంకా తేల్చుకోలేదు. అన్నిటికన్నా సిగ్గుచేటు ఏమిటంటే, ఊళ్ళలో ఇప్పుడు నా కన్నే సత్యానికి ప్రచారం. "మాస్టారు రాయించుకోనన్నారు, కన్ను పోగొట్టుకున్నారు" అని నా వీడియో చూపించి మరీ చెప్పుకుంటున్నారు. ఆదివారాలు అతనింటి ముందు జనం పెరిగారు. తప్పు రాయించుకోకపోవడం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడం అని ఇంకో వీడియో చేశాను. దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు. వాళ్ళననడానికి లేదు. మొదటి వీడియోలో ఆ రెండింటినీ ఒకే గాటన కట్టింది నేనే.

సభలకి మళ్ళీ వెళ్తున్నాను. ఈ మధ్య ఒక ఊళ్ళో సభ అయ్యాక అప్పన్న అనే రైతు తన భార్యని తీసుకొచ్చాడు. ఆవిడ నుదుటి మీద ఎడమవైపు పొక్కులు, వాటి చుట్టూ ఎర్రజాజుతో సింహం. ముక్కు కొస మీద ఒక పొక్కు. మునుపైతే మైకు తీసుకుని ఆ బొమ్మ మీద అరగంట మాట్లాడేవాణ్ణి.

"ఎప్పుడు లేచాయమ్మా?"

"నిన్న బాబూ."

"బొమ్మ అలాగే ఉండనీ. ఆటో ఎక్కండి, నేనూ వస్తాను."

ఆసుపత్రిలో డాక్టరమ్మ జాజు మెల్లగా తుడిచి చూసింది. కంట్లోకి ఇంకా పెద్దగా పాకలేదంది. ఆ పూటే మాత్రలు మొదలయ్యాయి.

మొన్న సంతలో అప్పన్న కనిపించాడు. "మా ఇంటిదానికి కన్ను బాగున్నాది మాస్టారూ. సింహం బాగా పనిసేసినాది. మీరు ఆటోలో తీసుకెల్లినారు, ఆ మేలు మరిసిపోను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాత్రల వల్ల తగ్గిందని ఓపిగ్గా చెప్పాను. తలూపాడు గానీ నమ్మలేదని నా కంటి మచ్చ వైపు చూసిన చూపులోనే తెలిసింది. ఆవిడ పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటోంది, రెండు కళ్ళతో.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. నుదుటి మీద గానీ, రెప్ప మీద గానీ, ముక్కు కొస మీద గానీ ఒకవైపే మంటతో పొక్కులు లేస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రాయించుకున్నవాళ్ళు బొమ్మతోనే వెళ్ళండి. ఎవరి మాట నెగ్గిందో తర్వాత తేల్చుకోవచ్చు.