కిటికీలోంచి కరెంటు

ఆమె ఇంటింటికీ వెళ్లి పక్షవాతం వచ్చినవాళ్లకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. "నేను దింపుతాగా, నీకెందుకు కారు?" అని భర్త ఎంత చెప్పినా వినకుండా, ఎవరి కోసమూ ఎదురుచూసే పని ఉండకూడదని పట్టుబట్టి ఎలక్ట్రిక్ కారు కొనుక్కుంది. తీరా తెచ్చాక, మూడో అంతస్తులోని తమ వాటా నుంచి చార్జింగ్ వైరు వేలాడదీస్తే కుదరదని అపార్ట్‌మెంటు సంఘంవాళ్లు అడ్డం తిరిగారు.

ఆదుకున్నది కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దమ్మ. చుట్టరికమేమీ లేదు, అందరూ అలాగే పిలుస్తారు.

"నీ కారు నా కిటికీ పక్కనే కదమ్మా! చార్జింగ్ మా ఇంట్లో పెట్టుకో. బిల్లు మాటెత్తావంటే ఊరుకోను," అంది.

అలా రోజూ సాయంత్రం వైరు కిటికీలోంచి లోపలికి అందించడం, ఆ వెనకే తనూ లోపలికి వెళ్లి కూర్చోవడం మొదలైంది. పెద్దమ్మ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. పెద్దమ్మ కుట్టుమిషనును ఆవిడ ఆడపడుచు ఎప్పుడో ఎత్తుకుపోయిన కథ ఈమెకు కంఠతా వచ్చేసింది. లేవబోతే, "అప్పుడేనా?" అని చెయ్యి పట్టుకునేది.

ఒకరోజు మాత్రం, "తల పగిలిపోతోంది పెద్దమ్మా," అని ప్లగ్గు పెట్టి పైకి వెళ్లిపోయింది. పొద్దున చూస్తే చార్జింగ్ ఎక్కలేదు, కారు కదిలేలా లేదు. భర్త అప్పటికే పనికి వెళ్లిపోయాడు.

"అయ్యో, కరెంటు పోయిందేమో!" అంది పెద్దమ్మ.

పైన ఫ్యాను రాత్రంతా ఆగలేదు. అయినా వాదించే తీరిక లేక బస్టాపుకు పరుగెత్తింది. కాలూ చెయ్యీ పడిపోయిన ఒక పోస్ట్‌మాన్ ఆరోజు మొదటిసారి తనంతట తాను లేచి నిలబడాలి. ఆమె వెళ్లేసరికి ఆయన అలిసిపోయి మంచం మీద ఉన్నాడు.

"మీరు చూస్తారని చాలాసేపు నిలబడ్డానమ్మా," అన్నాడు.

సాయంత్రం ఆమె నేరుగా కిటికీ దగ్గరికి వచ్చింది. "స్విచ్చి మీరే కట్టేశారు కదూ?"

పెద్దమ్మ దాచలేదు. "కట్టేశాను. పైకి వెళ్తే తగ్గిపోతుందా తలనొప్పి? ఇక్కడ కూర్చుంటే నేను తల పట్టేదాన్ని కాదూ?"

ఆమె వైరు చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత వీధి చివర చార్జింగ్ స్టేషనే గతైంది. అక్కడ ఎప్పుడూ ముందు నాలుగు కార్లుండేవి. అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే మొదట్లో ప్రాణం హాయిగానే అనిపించింది. కానీ రోగుల వేళలన్నీ తారుమారయ్యాయి. కొందరు వేరేవాళ్లను చూసుకుంటామన్నారు.

"ఎందుకీ అవస్థ? రేపటి నుంచి నేనే దింపుతాలే," అన్నాడు భర్త. ఆ మాటలో వెటకారం లేదు. ప్రేమగానే అన్నాడు. మళ్లీ ఒకరి కోసం ఎదురుచూడటమేనా అనుకుంది ఆమె.

మర్నాడు సాయంత్రం వైరు పట్టుకుని మళ్లీ కిందికే వెళ్లింది. కిటికీ తెరిచే ఉంది. పెద్దమ్మ ఏమీ అడగకుండా చివర అందుకుని ప్లగ్గు పెట్టింది.

"మళ్లీ కట్టేయరుగా?" అంది ఆమె లోపలికి వస్తూ.

"నువ్వు లేచి వెళ్లకపోతే నేనెందుకు కట్టేస్తాను?" అంటూ పెద్దమ్మ కుర్చీ దగ్గరికి జరిపింది.

ఆమె కూర్చుంది.