ఆదివారం పొద్దున మానేసిన ఆవిరి మందు

ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క నా చేతిలో ఉండగానే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తీసి చూస్తే రక్తం ఉంది, మొదట రెండు చుక్కలు, మళ్ళీ దగ్గేసరికి రుమాలంతా. సూరత్ గోడాదరాలో మన ఆరాధన జరిగే గది మొదటి అంతస్తులో ఉంది కదా, నా భార్య సరోజ, ఇంకో ఇద్దరు సహోదరులు నన్ను పట్టుకుని మెట్లు దించి ఆటో ఎక్కించారు. రొట్టె ముక్క ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. నోట రక్తం ఉండగా తినలేను, కింద పడేయలేను. ఆసుపత్రి వచ్చేదాకా నేను చేసిన ప్రార్థన ఒక్కటే:

"ప్రభువా, నీ బల్లకాడ గిట్లెందుకైంది? నేనేం తక్కువ జేసిన? నీ కోసం మందు గూడ మానుకుంటి గద."

సహోదరులారా, నేను తప్పిపోయింది ఆ చివరి మాట దగ్గరే. అది ఎట్లా మొదలైందో మొదటి నుంచి చెబుతాను.

నా పేరు రాజేశం. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో సూరత్ వచ్చాను. ఖటోదరాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, మరమ్మతు చేస్తూ ఇరవై ఆరేళ్ళు గడిపాను. తీరిక దొరికినప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళ వార్తలు రాసి ఒక దినపత్రికకు పంపేవాణ్ణి. మధ్యలో ఒకసారి క్షయ వచ్చింది. మందులు ఒక్కరోజు కూడా తప్పకుండా మింగాను, క్షయ పోయింది, కానీ పోతూ పోతూ ఎడమ ఊపిరితిత్తి అడుగు భాగాన్ని పాడుచేసి పోయింది. అక్కడి గాలి గొట్టాలు సాగి వదులైపోయాయట. వాటిలో కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో క్రిములు చేరతాయి, జ్వరం వస్తుంది, జ్వరం వచ్చిన ప్రతిసారీ గొట్టాలు ఇంకాస్త చెడతాయి.

మా డాక్టరమ్మ విజయవాడ నుంచి ఇక్కడికి వచ్చి పనిచేస్తున్న చిన్న వయసు అమ్మాయి. మొదటి రోజే నాతో మొహమాటం లేకుండా చెప్పింది: "ఇది మొత్తంగా పోయే జబ్బు కాదు అంకుల్. రోజూ ఊడ్చుకోవాలి, అంతే. ఇవాళ ఊడ్చాను కదా అని రేపు మానేస్తే ఇల్లు ఎలా ఉంటుందో, ఇదీ అలాగే."

ఊడ్చడం ఎట్లాగో కూడా నేర్పింది. పొద్దున పరగడుపున నెబ్యులైజర్ మిషన్ పెట్టుకుని ముందు గొట్టాలు తెరిచే మందు ఆవిరిగా పీల్చాలి. కాసేపు ఆగి ఉప్పునీటి మందు పీల్చాలి, అది కఫాన్ని పలచన చేస్తుంది. తర్వాత అద్దం మీద ఊపిరి వదిలి మసక చేసినట్టు, నోరు తెరిచి హా, హా అని బలంగా ఊపిరి వదలాలి. ఆ తర్వాత నడుము కింద దిండు పెట్టుకుని, తల కిందికి ఉండేట్టు కుడి పక్కకు తిరిగి పడుకుంటే, సరోజ అరచేతిని దోసిలిలా వంచి నా వీపు మీద, పక్కటెముకల మీద కొడుతుంది. చివరికి మిషన్ గిన్నె కడిగి, మరిగించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టాలి. అంతా కలిపి గంట. సాయంత్రం మళ్ళీ గంట.

సరోజ ఇరవై ఏళ్ళు కార్ఖానాలో నూలు కండెలు చుట్టిన మనిషి, దాని చేతికి అలుపు లేదు, నోటికీ లేదు. "గింతసేపు సాంచ నడిపితే గజం బట్ట దిగుతుండె. నీ వీపు గొడ్తే నాకేం దిగుతున్నది?" అనేది.

"కఫం దిగుతలేదా?" అనేవాణ్ణి.

"మస్తు గిరాకీ ఉన్న సరుకు" అని ఇంకో నాలుగు గట్టిగా వేసేది.

అట్లా ఆరు నెలలు చేసేసరికి జ్వరాలు ఆగిపోయాయి, మెట్లు ఆగకుండా ఎక్కగలిగాను. అది దేవుడు నాకు చేసిన మేలు, ఆ మేలును నేనే పాడుచేసుకున్నాను.

మనలో చాలామందిమి ఆదివారం బల్లలో చేయి వేసేదాకా, అంటే ఆ రొట్టె తీసుకునేదాకా, ఏమీ ముట్టం. ఇది నేను విశ్వాసంలోకి వచ్చిన కొత్తలోనే పట్టిన అలవాటు, అన్నం కాదు కదా, టీ చుక్క కూడా తాగను. ఒక ఆదివారం పొద్దున ఉప్పునీటి ఆవిరి పీలుస్తుంటే నాలుక మీద ఉప్పగా తగిలింది. రోజూ తగిలేదే, ఆ రోజే ఎందుకో మనసు పట్టుకుంది. నోట్లో ఉప్పు రుచి తెలిసిందంటే ఉపవాసం పోయినట్టే కదా అనుకున్నాను. మిషన్ ఆపేశాను. ఒక్క పూటే కదా, ఏమవుతుంది?

ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆ వారం నన్ను మోసం చేసింది. తర్వాత ప్రతి ఆదివారం మానేశాను, ఆపైన ఉపవాస ప్రార్థన ఉండే శుక్రవారాలు. వింత ఏమిటంటే, ఆదివారాలే నాకు దగ్గు ఎక్కువయ్యేది, పాట సగంలో ఆపి బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడేవాణ్ణి, అయినా కారణం నాకు తట్టలేదు. నా విశ్వాసానికి వచ్చిన శోధన అనుకున్నాను. ఒకనాడు సాక్ష్య సమయంలో లేచి, "బల్ల దగ్గరికి వచ్చే రోజు నేను మందు కూడా నోటికి తగలనివ్వను, నా దేవుడే నన్ను నడిపిస్తున్నాడు" అని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ నాకు చాలా రుచించింది, ఈ సంగతి దాచను.

ఈస్టరుకు ముందుండే శ్రమ దినాలు వచ్చాయి. నలభై రోజులు మధ్యాహ్నం దాకా ఉపవాసం, నలభై పొద్దులూ మిషన్ మూలన ఉంది. సరోజ పోట్లాడింది, ఏడ్చింది. నేను, "నువ్వు అడ్డం రాకు" అన్నాను. ఆ నలభై రోజులూ అయిపోయిన ఆదివారమే నా రుమాలు ఎర్రబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "రోజూ రెండు పూటలా చేస్తున్నారా అంకుల్?"

"చేస్తున్నమ్మా" అన్నాను.

సరోజ ఊరుకోలేదు. "ఎందుకయ్యా అబద్ధం? ఇప్పుడే గదా ప్రభువు బల్లకాడికెల్లి లేసొచ్చినవ్" అంది. మంచం మీద తల తిప్పుకోవడానికి కూడా చోటు లేదు. జరిగిందంతా దానిచేతే చెప్పించాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీ నియమాలు నాకు తెలియవు, అవి మీ పాస్టర్‌గారిని అడగండి. కానీ ఒక్కటి చెప్పండి, ఆదివారం మీరు మొహం కడుక్కోకుండా, నోరు పుక్కిలించకుండా చర్చికి వెళ్తారా?"

"ఎందుకు వోత?"

"ఇది కూడా కడుక్కోవడమే. లోపల."

సాయంత్రం పాస్టరయ్య వచ్చారు. ఆయన కూడా మా జిల్లావారే. అంతా విన్నారు. తర్వాత, "ఈ నియమం నీకెవరు వెట్టిండ్రన్నా?" అన్నారు.

"ఎవరు వెట్టలే అయ్యగారూ. నేనే."

"నువ్వు వెట్టుకున్నవ్, నేను ఆమేన్ అన్న. ఏం మందు, ఎందుకని ఒక్క మాట అడగకపోతి. ఇద్దరం కల్సి ప్రార్థన జేద్దాం, ఇద్దరం ఒప్పుకోవాలె."

నేను చేసిన ప్రార్థన నాకు మాటకు మాట గుర్తుంది. "ప్రభువా, నువ్వు అడగంది నీకిచ్చిన, నువ్వు ఇచ్చింది మూలకు వెట్టిన. నీ పేరు జెప్పి నేను గొప్పోన్నైన. నన్ను క్షమించు. ఊపిరి నీది, దాన్ని జాగ్రత్త జేసే బుద్ధి గూడ నువ్వే ఇయ్యి."

సహోదరులారా, ఆ ప్రార్థనతో నా ఊపిరితిత్తి కొత్తది కాలేదు. రక్తం ఆగడానికి ఐదు రోజులు పట్టింది, వీపు కొట్టడం డాక్టరమ్మ మళ్ళీ చెప్పేదాకా ఆపేశాం. కానీ నా మెడ మీద నేనే వేసుకున్న ఒక కాడి ఆ సాయంత్రం దిగిపోయింది. విడుదల అంటే ఇంతకాలం జబ్బు నుంచే అనుకున్నాను, నా సొంత గొప్పతనం నుంచి కూడా దేవుడు మనిషిని విడిపిస్తాడని అప్పుడే తెలిసింది. దేవునికే మహిమ.

ఇప్పుడు ఆదివారం నేను గంట ముందు లేస్తాను. అన్నం, టీ ముట్టను, అది నా ఇష్టం. మిషన్ మాత్రం పెట్టుకుంటాను. మందు ఆవిరి పీల్చినంతసేపూ మీ అందరి పేర్లూ ఒక్కొక్కటిగా తలచుకుని మౌనంగా ప్రార్థిస్తాను, మిషన్ చప్పుడుకి ఎట్లాగూ ఎవరితోనూ మాట్లాడలేను. బయటికి వచ్చిన కఫం రంగు చూసి, మారితే డాక్టరమ్మకు ఫోన్ చేస్తాను. ఆరాధనలో రెండు పాటలు పూర్తిగా పాడగలుగుతున్నాను.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఈ సాక్ష్యం రాసేవాణ్ణి కాదేమో. రెండు నెలల కిందట మందిరం మెట్ల మీద మణెమ్మక్క కూర్చుని ఆయాసపడుతూ కనిపించింది. ఆమెకు చాలా ఏళ్ళుగా ఉబ్బసం, ఆయాసం వస్తే నోటితో పీల్చే మందు పంపు వాడుతుంది.

"పంపేది అక్కా?" అన్నాను.

"ఇంట్ల వెట్టిన. బల్ల ఉన్నది గద. మందు గూడ ముట్టద్దని నువ్వే జెప్పినవ్ తమ్మీ."

నేను రాసిన వార్తలో తప్పు పడితే మర్నాడు సవరణ వేయించేవాణ్ణి, మందిరంలో నిలబడి చెప్పిన తప్పును మాత్రం అట్లాగే వదిలేశాను. అది ఆమె ఛాతీలోకి వెళ్ళి కూర్చుంది. అక్కడే తప్పు ఒప్పుకుని, డాక్టరమ్మ మాట, అయ్యగారి మాట అన్నీ చెప్పాను. అయ్యగారు కూడా ఆ వారమే ప్రసంగంలో స్పష్టంగా చెప్పారు. ప్రసంగం అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి నవ్వింది.

"నీకు రక్తం వడ్డది గావట్టి మాట మార్సినవ్. నాకేం వడలే."

ఈ సంగతి నీ పేరు పెట్టి మన సంఘం పత్రికలో రాయనా అని అడిగితే, "రాస్కో, నాకేం భయమా" అంది.

అందుకే రాస్తున్నాను. నేను ఆనాడు చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నా మాట విని ఎవరైనా ఒక్క పూట మందు మానేసి ఉంటే, దయచేసి ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టండి. దేవుణ్ణి నమ్మండి, ఆయన మీ చేతికి అందించినదాన్ని కూడా నమ్మండి, బల్ల దగ్గరికి నిండుగా ఊపిరి పీల్చుకుంటూ రండి.

మొన్న ఆదివారం మణెమ్మక్క ఆ మెట్ల మీద మూడుసార్లు ఆగి పైకి వచ్చింది. పంపు ఇంట్లోనే ఉందట.