పెద్దకోడలి చేతి పిండి

పెద్దకోడలి కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు పడిన మర్నాడు కూడా కేఫ్‌కి ఎప్పటిలాగే పిజ్జా బేస్‌లు వెళ్లాలి. బాత్‌రూమ్ గడప దగ్గర జారి పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కదపకూడదన్నాడు డాక్టరు. ఆ తర్వాత కూడా బరువు మోపే పని పెట్టుకోవద్దన్నాడు.

ఆ ఇంట్లో పిండి కలపడమంటే ఆమె పనే. బేస్‌లు, బన్నులు, ఆదివారం పూట పాలబ్రెడ్. వీధి చివర కేఫ్ పెట్టినాయన ఒకసారి రుచి చూసి రోజూ కావాలన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో ఆమె మాటకు కాస్త విలువ వచ్చింది. అంతకుముందు మామగారు ఆమెను పిలిచేది కళ్లజోడు కనబడనప్పుడే. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లకు చూపించి, "మా పెద్దకోడలి చేతిలో ఏదో ఉందండీ. ఇంకెవరు కలిపినా అలా పొంగదు" అంటారు. ఆమె తల వంచుకుని వింటుంది. కాదని ఏనాడూ అనలేదు.

చేతిలో ఏమీ లేదని ఆమెకొక్కదానికే తెలుసు. ఏడాది పాటు మైదా తగలేసి నేర్చుకున్న పని అది. మొదట్లో బన్నులు ఇటుకల్లా వచ్చేవి. "వదినా, మేస్త్రీని పిలవనా? పెరటి గోడ లేపేద్దాం" అని మరిది ఏడిపించేవాడు. పిండి ఇంత ఎలా అయిపోయిందని అత్తగారు ఎక్కడ అడుగుతారోనని, గట్టిపడ్డవన్నీ టీలో ముంచుకుని వంటింట్లో నిలబడి తనే తినేసేది. అప్పుడు ఒక్కరూ వచ్చి పక్కన నిలబడలేదు.

అందుకే చిన్నకోడలు నేర్పమన్నప్పుడు ఆమెకు ఒళ్లు మండింది. చిన్నకోడలికి డిగ్రీ ఉంది, స్కూటర్ ఉంది, అప్పటిదాకా ఉద్యోగమూ ఉంది. ఆఫీసు మూతపడి ఇంట్లో కూర్చోగానే వంటింట్లోకొచ్చి, "నాక్కూడా చెప్పండక్కా, ఇద్దరం కలిసి చేద్దాం" అంది. పెద్దకోడలు కుదరదనలేదు. కొలతలన్నీ ఉన్నవున్నట్టే చెప్పింది. ఒక్క దగ్గర మాత్రం మాట మార్చింది.

"ఈస్ట్ వేసే నీళ్లు బాగా కాగాలి. పొగలు రావాలి. లేకపోతే అది నిద్ర లేవదు."

పొగలు కక్కే నీళ్లలో పడితే ఈస్ట్ చస్తుంది. చిన్నకోడలు మూడుసార్లు కలిపింది. మూడుసార్లూ పిండి గిన్నె అడుగున బండరాయిలా కూర్చుంది. చివరికి మామగారే, "పోనీలేమ్మా, అందరికీ ఆ చెయ్యి ఉండొద్దూ" అని సర్దిచెప్పారు. చిన్నకోడలు గిన్నె కడిగి బోర్లించి, హాల్లో పిల్లలకు ట్యూషన్లు మొదలుపెట్టింది. పెద్దకోడలు ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు ఆ చెయ్యి మెడకు వేసిన పట్టీలో వేలాడుతోంది. బేస్‌లు వెళ్లకపోతే కేఫ్ ఆయన ఇంకొకరిని చూసుకుంటాడు. ఒకసారి చూసుకున్నాక మళ్లీ ఈ గుమ్మం తొక్కడు. చిన్నకోడలు ఎవరూ పిలవకుండానే వచ్చి నీళ్ల గిన్నె పొయ్యి మీద పెట్టింది.

గిన్నె అడుగున బుడగలు లేస్తున్నాయి. పెద్దకోడలు వాటినే చూస్తూ నిలబడింది. ఊరుకుంటే పిండి పోతుంది, పిండితో పాటు కేఫూ పోతుంది.

"దించెయ్" అంది.

"ఇంకా కాగలేదక్కా."

"చాలు. చల్లారనియ్. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి, అంతే."

చిన్నకోడలు మంట ఆపింది. "అప్పుడు పొగలు రావాలన్నారు."

"అప్పుడు చలికాలం."

"ఎండాకాలం అక్కా. చెమట పిండిలో పడుతోందని మీరే టవల్ తెచ్చిచ్చారు."

పెద్దకోడలు సరిగ్గానే ఉన్న డబ్బా మూతను మళ్లీ సరిచేసింది. చిన్నకోడలు గిన్నె దించి పక్కన పెట్టింది. నీళ్లు చల్లారాక వేలు పెట్టి చూసుకుని, పంచదార కలిపి ఈస్ట్ చల్లింది. కాసేపటికి నురగ కట్టింది. బేస్‌లు ఒత్తే వేళకు పిండి, కప్పిన గుడ్డను పైకెత్తేసింది.

కేఫ్‌కి పంపగా మిగిలినదాని మీద టమాటా, చీజ్ వేసి కాల్చి ఇంట్లో అందరికీ పెట్టింది. మామగారు నమిలి, "తేడా ఏం లేదే" అన్నారు.

మరిది కట్టు వైపు చూశాడు. "ఇన్నాళ్లూ వదిన చేతిలో ఏదో ఉందనుకున్నాం. చెయ్యి సెలవు పెట్టినా పిండి డ్యూటీకి వచ్చేసిందే."

అందరూ నవ్వారు. అత్తగారైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. చిన్నకోడలు ఒక్కతే నవ్వలేదు. ఇంకో ముక్క కోసి తోడికోడలి ప్లేటులో వేసి, "తినండక్కా, వేడిగా ఉంది" అంది.

నీళ్ల సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. అని ఉంటే ఒక పూట రాద్ధాంతం జరిగి చల్లారేది. పెద్దకోడలికి కూడా తిరిగి అనడానికి నాలుగు మాటలు దొరికేవి.

కట్టు విప్పేనాటికి కేఫ్ ఆయన చిన్నకోడలి ఫోనుకే చేస్తున్నాడు. వెల్లుల్లి బన్నులు కూడా అడుగుతున్నాడు. పెద్దకోడలు పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్లి, "ఇవాళ నేను కలుపుతా" అంది.

"డాక్టరు వద్దన్నాడు కదక్కా. మీరు కవర్లు చూసుకోండి." మాటలో ఎక్కడా పుల్ల విరుపు లేదు. పెద్దకోడలు స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో కవర్లు విప్పుతూ, ఒక్కో దాంట్లో రెండేసి బేస్‌లు పెట్టసాగింది.

ఆ ఆదివారం మరిది టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. చిన్నకోడలు పిండి కలిపే మిషన్‌కి ఆర్డరిచ్చింది. పెద్దకోడలు పిండి పిసికే బండ మీదే దాన్ని పెట్టాలి.

"కాస్త జరుగు వదినా" అన్నాడు.

ఆమె స్టూలు వెనక్కి లాక్కుంది. మిషన్‌కి పద్దెనిమిది అంగుళాలు కావాలి. బండ ఇరవై ఉంది.